నాయనమ్మ ఏ జబ్బుతో పోయింది?

మా నాన్న ఏటా మాఘమాసంలో తన తల్లికి తద్దినం పెడతారు. పురోహితుడు అడగగానే గోత్రం చెప్పి, నాయనమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు, ఆ పై తరం పేరు తడుముకోకుండా చెబుతారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మూడు పేర్లూ వింటూ పెరిగాను. వాటిలో మొదటి పేరు గల మనిషి 34 ఏళ్లకే ముగ్గురు పిల్లల్ని వదిలి ఎందుకు చనిపోయిందో మాత్రం నాకు 43 ఏళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి నాకు రొమ్ము క్యాన్సర్ రావలసి వచ్చింది.

2023 ఆగస్టులో ఒక ఉదయం స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో, చంకకు దగ్గరగా, సబ్బు చేతికి శనగగింజంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని, పరీక్ష పేపర్లు దిద్దే రోజులు కదా అని మూడు వారాలు ఆగాను. తరువాత మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఆపైన సూదితో ముక్క తీసే బయాప్సీ జరిగాయి. చేతికి శనగగింజలా తోచినది స్కానింగ్‌లో 2 సెంటీమీటర్లు దాటింది. బయాప్సీ గదిలో డాక్టరమ్మ "చప్పుడు వస్తుంది, ఉలిక్కిపడకండి" అని ముందే చెప్పినా, ఆ పరికరం టక్కుమన్నప్పుడల్లా నా కాలివేళ్లు ముడుచుకుపోయాయి. నాలుగుసార్లు టక్కుమంది. నాలుగో ముక్కను సీసాలోని ద్రవంలో వేస్తుంటే చూశాను. సేమ్యా పోగులా తెల్లగా, సన్నగా ఉంది.

రిపోర్టు ఆరో రోజున ఫోనుకు వచ్చింది. కళాశాల స్టాఫ్‌రూములో, ముందు పేపర్ల కట్ట పెట్టుకుని ఒంటరిగా చదివాను. క్యాన్సర్ అన్న మాట మొదటి వరుసలోనే ఉంది. కింద ఈస్ట్రోజన్ హార్మోను గ్రాహకాలు నెగటివ్, ప్రొజెస్టిరాన్ హార్మోను గ్రాహకాలు నెగటివ్, హెర్-2 అనే ప్రొటీన్ నెగటివ్ అని వరుసగా మూడు గీతలు. నెగటివ్ అన్న మాటను మంచి కబురుగా వినడం మనకు అలవాటు కాబట్టి ఆ మూడూ చూసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అది ట్రిపుల్ నెగటివ్ అనే రకమనీ, హార్మోను మాత్రలు గానీ హెర్-2 మందులు గానీ దానిపై పనిచేయవనీ, రసాయన చికిత్సే, అంటే కీమోథెరపీయే, ప్రధానమైన దారి అనీ సాయంత్రానికి తెలిసింది. మన దేశపు స్త్రీలలో ఈ రకం పాశ్చాత్య దేశాలలో కంటే ఎక్కువ శాతం కనిపిస్తుందనీ, పైగా మనవాళ్లకు రొమ్ము క్యాన్సర్ సుమారు పదేళ్లు ముందుగా వస్తుందనీ ఆ తరువాత తెలిసింది.

మొదట చూసిన సర్జన్ నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. అమ్మకు ఉందా, అమ్మమ్మకు ఉందా, అక్కచెల్లెళ్లకు ఉందా? మూడింటికీ లేదన్నాను. ఆయన కాగితం మీద కుటుంబ చరిత్ర ఏమీ లేదని రాసి పక్కకు పెట్టారు. నాన్న వైపు సంగతి అడగలేదు. ఆ ఫారంలో అందుకు గడి కూడా లేదు. బల్ల మీద నా పక్కనే కూర్చున్న అమ్మ ఆ ప్రశ్నలు వింటూ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. పరామర్శకు వచ్చిన బంధువులు కూడా ఆవిడనే అడిగారు: "మీ వైపు ఎవరికైనా ఉందా వదినా?" రెండు నెలలపాటు మా అమ్మ తన పుట్టింటి తరఫున సంజాయిషీ చెబుతూనే ఉంది. రొమ్ము ఆడవాళ్లది గనుక ఆ జబ్బు తల్లి వైపు నుంచే రావాలన్న తర్కం మన ఇళ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందో, చదువుకున్న డాక్టరు చేతిలోని ఫారం వరకూ ఎలా పాకిందో నేను కళ్లారా చూశాను. ఆ తర్కం తప్పు. మనిషి జన్యువుల్లో సగం తండ్రివి. రొమ్ము క్యాన్సర్‌కు దారితీసే జన్యుమార్పు తల్లి నుంచి వచ్చినంత సులువుగానే తండ్రి నుంచీ వస్తుంది, కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా అందుతుంది.

ఈ మాట నాకు విడమరిచి చెప్పింది రసాయన చికిత్స మొదలుపెట్టిన వైద్యురాలు. ట్రిపుల్ నెగటివ్ అనగానే ఆవిడ కుటుంబ చరిత్ర గడిని నమ్మకుండా నన్ను జన్యు సలహాదారు దగ్గరకు పంపారు. ఆ సలహాదారు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. తెల్లకాగితం అడ్డంగా పెట్టి, పెన్సిలుతో వంశవృక్షం గీయడం మొదలుపెట్టింది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, పోయినవారి మీదుగా ఏటవాలు గీత, క్యాన్సర్ వచ్చిన వారికి లోపల నలుపు. నా వృత్తానికి పక్కన ఒక బాణం గుర్తు పెట్టింది. అమ్మ వైపు కొమ్మ పది నిమిషాలలో నిండింది, ఒక్క నలుపూ లేదు. నాన్న వైపుకు వచ్చేసరికి నా దగ్గర పేర్లున్నాయి, ఇంటిపేర్లున్నాయి, ఎవరు ఏ ఊరికి కోడలిగా వెళ్లారో ఉంది. ఎవరు ఏ జబ్బుతో పోయారో లేదు. "నాయనమ్మగారు?" అంది. చిన్నతనంలోనే పోయారన్నాను. "ఎందువల్ల?" అంది. నేను తెలుగు పాఠం చెప్పే దాన్ని, మాటలకు తడుముకునే అలవాటు లేదు. ఆ ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు.

అక్కడి నుంచే నాన్నకు ఫోను చేశాను. ఆయన చాలాసేపు పలకలేదు. తరువాత, 1962లో తనకు పన్నెండేళ్లప్పుడు జరిగినదాన్ని, అరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిదాన్ని, మెల్లగా చెప్పారు. మా బాబాయి అప్పటికి పాలు మరిచిన పిల్లవాడు. నాయనమ్మ రొమ్ములో గడ్డ కనిపిస్తే పాలగడ్డ అనుకున్నారట. పసుపు, వేపాకు నూరి కట్టారట. గడ్డ పగిలి పుండై, వాసన వస్తుంటే ఆవిడను పెరటి వైపు గదిలోకి మార్చారట. పట్నం తీసుకెళ్లేసరికి ఏమీ చేయలేమన్నారట. "రాచపుండు అన్నారమ్మా. ఆ మాట ఇంట్లో అనవద్దన్నారు" అన్నారు నాన్న. క్యాన్సర్‌కు పాతకాలపు పేరు అది. పిల్లలు ఆ గదిలోకి వెళ్లకూడదనీ, గుమ్మం దగ్గర నిలబడి అమ్మను చూసేవాడిననీ కూడా చెప్పారు.

"మరి మేనత్త?" అని అడిగాను. మా మేనత్త 1999లో, 46 ఏళ్లకు పోయింది. కడుపులో నీరు చేరిందనీ, కాలేయం చెడిందనీ మాకు చెప్పారు. నాన్నకు తెలిసిన మాట వేరు. ఆవిడకు అండాశయంలో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేసి తెరిచి చూసి మూసేశారనీ ఆయనకు తెలుసు. ఆడపిల్ల ఉన్న ఇల్లని ఆ మాట బయటికి రానివ్వలేదు. ఫోను స్పీకరులో ఉండడం వల్ల సలహాదారు అంతా విన్నది. ఏమీ అనకుండా నాన్న వైపు కొమ్మ మీద రెండు వృత్తాలను పెన్సిలుతో నింపింది. ఆ గీతల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రక్తం ఇచ్చిన నాలుగు వారాలకు ఫలితం వచ్చింది. బ్రాకా-1 అనే జన్యువులో వ్యాధికారకమైన మార్పు. దాన్ని 185డెల్‌ఏజీ అంటారు. తూర్పు ఐరోపా మూలాలున్న యూదు కుటుంబాలలో తరచుగా కనిపించే మార్పు, దక్షిణ భారత కుటుంబాలలోనూ బయటపడింది. పేరులోనే విషయం ఉంది: ఏ, జీ అనే రెండు అక్షరాలు జారిపోయాయి. ఈ జన్యువు తయారుచేయవలసిన ప్రొటీన్‌కు సంబంధించిన పాఠం 5,592 అక్షరాల పొడవు. కణం దాన్ని మూడేసి అక్షరాలుగా విడదీసి చదువుకుంటుంది. ఛందస్సు చెప్పే నాకు ఇది వెంటనే అర్థమైంది. మన వృత్తాలలోని గణాలూ చాలావరకు మూడేసి అక్షరాలవే. ఉత్పలమాల మొదట్లో రెండు అక్షరాలు జారిపోతే అక్కడ ఒక్క గణమే పోదు, ఆ చోటు నుంచి పాదమంతా విడివడి భ గణం ఉండవలసిన చోట మరొకటి వచ్చి కూర్చుంటుంది, చివరికి పద్యం పద్యంగా నిలవదు. నా జన్యువులో జరిగింది అదే. చెడిన ఈ ప్రతిని నా పూర్వీకులలో ఎవరో ఎప్పుడో పొందారు. అది నాయనమ్మకు, ఆవిడ నుంచి నాన్నకు, నాన్న నుంచి నాకు చేరింది.

బ్రాకా-1 మామూలుగా చేసే పని రక్షణే. కణంలో డి.ఎన్‌.ఏ. పోగు తెగినప్పుడు, కాలువ కట్టకు పడ్డ గండిని మనుషులు పోగై పూడ్చినట్లు, అది మరికొన్ని ప్రొటీన్లతో కలిసి ఆ తెగినచోటును సరిచేస్తుంది. ప్రతి కణంలోనూ ఈ జన్యువు రెండు ప్రతులుంటాయి, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఒకటి పుట్టుకతోనే చెడినా రెండోది పనిచేస్తున్నంతకాలం కణం నిలదొక్కుకుంటుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోదీ పోయిననాడు గండ్లు పూడ్చే దిక్కుండదు. అందువల్ల ఈ మార్పు ఉన్నవారందరికీ క్యాన్సర్ వచ్చి తీరాలని లేదు, కానీ ముప్పు చాలా ఎక్కువ. 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం బ్రాకా-1 మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేలోగా రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, అండాశయ క్యాన్సర్‌కు 44 శాతం. ఇటువంటి ముప్పే తెచ్చే మరో జన్యువు బ్రాకా-2లోని మార్పుకు ఆ అంకెలు 69, 17. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశం నుంచి వచ్చేవి 5 నుంచి 10 శాతమే. అయితే మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 1.92 లక్షలమంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా బయటపడిందన్న అంచనా పక్కన పెట్టి చూస్తే ఆ చిన్న శాతం వెనుక ఎన్ని వేల ఇళ్లున్నాయో తెలుస్తుంది.

ఫలితం విన్న రాత్రి నాన్న నా మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నారు. రసాయన చికిత్సతో అప్పటికి నా జుట్టంతా రాలిపోయింది. "నా వల్లేనా అమ్మా?" అన్నారు. మీరు ఇచ్చిన మిగిలినవన్నీ నేను కోరి తెచ్చుకున్నానా, మీరు కోరి ఇచ్చారా నాన్నా అన్నాను. ఆయనకు అది సమాధానం కాలేదు. "ఆ మాట నేను ముందే చెప్పి ఉంటే?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే అది నిజం. చెప్పి ఉంటే నాకు 25 ఏళ్ల నుంచే ఏటా ఎం.ఆర్.ఐ., 30 నుంచి మామోగ్రామ్ జరిగేవి. గడ్డ చేతికి తగిలేదాకా ఆగవలసిన పని ఉండేది కాదు. నాన్నను నేను తప్పు పట్టను. పన్నెండేళ్ల పిల్లవాడికి పెద్దలు పెట్టిన ఆన అది. ఆ ఆనను మాత్రం తప్పు పడతాను.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తరువాతి సంగతి. నాన్నకున్న మార్పు ఆయన తమ్ముడికీ ఉండే అవకాశం సగం. మా బాబాయి కూతురికి 26 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నారు. ఆసుపత్రివారు నా బంధువులకు తమంతట తాము ఫోను చేయరనీ, చెప్పవలసింది నేనేననీ సలహాదారు చెప్పి, దగ్గరి బంధువులకు ఇవ్వడానికి ఒక లేఖ రాసి ఇచ్చింది. దాన్ని తీసుకుని ముందు బాబాయికే ఫోను చేశాను. అంతా విని ఆయన అన్నది ఇది: "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా? పిల్ల పెళ్లయ్యేదాకా ఈ మాట మన మధ్యే ఉంచు. ఆ తరువాత నీ ఇష్టం."

ఆయన భయాన్ని నేను తేలికగా తీసుకోను. అమ్మాయి మెడ మీద తెల్లమచ్చ ఉందన్న అనుమానంతో సంబంధం తప్పిపోవడం మా వీధిలోనే చూశాను. వంశంలో క్యాన్సర్ ఉందన్న మాట పెళ్లిళ్ల పేరయ్య చెవిన పడితే ఊరంతా తిరుగుతుంది, ముప్పు లెక్కలు మాత్రం ఎవరూ వినిపించుకోరు. కాబట్టి బాబాయి అడిగినది అన్యాయమైన భయంతో కాదు. అయితే ఆయన ఒక మూటలో రెండు వేర్వేరు సంగతులు కట్టేశారు. బయటివారికి చెప్పకపోవడం ఒకటి, ఎవరి ఒంటికి ముప్పు ఉందో ఆ పిల్లకే చెప్పకపోవడం మరొకటి. మొదటిది ఆ కుటుంబం హక్కు, దానికి నేను కట్టుబడతాను. రెండోది ఎవరి హక్కూ కాదు. మా మేనత్త విషయంలో చేసింది అచ్చంగా ఇదే: ఆడపిల్ల ఉన్న ఇల్లని దాచారు, దాచింది ఆ ఆడపిల్ల దగ్గరే.

ఆ ఆడపిల్ల ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది, నాకు వదిన అవుతుంది. ఆవిడ అనుమతితోనే ఈ మాటలు రాస్తున్నాను. తల్లి కాలేయం చెడి పోయిందని ఆవిడ ఇరవై నాలుగేళ్లు నమ్మింది. అక్కడి డాక్టర్లు అడిగిన ప్రతిసారీ అదే రాసింది. నేను చెప్పాక పరీక్ష చేయించుకుంటే మార్పు ఉందని తేలింది. బ్రాకా-1 ఉన్నవారికి పిల్లలు చాలనుకున్నాక 35, 40 ఏళ్ల మధ్య అండాశయాలు, అండనాళాలు తీయించుకోమంటారు. వదిన ఆ వయసు దాటి ఎనిమిదేళ్లయింది. వెంటనే ఆ ఆపరేషన్ చేయించుకుంది. బీమా గురించి ఆవిడకు సందేహం వచ్చింది. అమెరికాలో 2008 నాటి చట్టం ప్రకారం జన్యుపరీక్ష ఫలితాన్ని చూపి ఆరోగ్య బీమా గానీ ఉద్యోగం గానీ నిరాకరించకూడదు, జీవిత బీమాకు మాత్రం ఆ రక్షణ లేదు. మన దేశంలో అటువంటి ప్రత్యేక చట్టమే లేదు. ఉండాలి. చెప్పడానికి భయపడే వారి భయాన్ని తగ్గించకుండా చెప్పమని మాత్రమే అడగడం సగం న్యాయం.

పెళ్లయ్యాక చెబుదాం అన్నదానిలో ఇంకొక చిక్కు ఉంది. అప్పుడు ఆ మాట ఒక్క చెల్లిది కాదు, మరొక కుటుంబం ముందు దాచిన మాట అవుతుంది. ఎప్పుడు పిల్లల్ని కనాలి, ఏ వయసులో ఏ పరీక్ష చేయించుకోవాలి అన్నవి తెలిసి తీసుకోవలసిన నిర్ణయాలు. పైగా బాబాయి దుర్వార్తే వస్తుందని ముందే నమ్మేశారు. లెక్క అలా లేదు. ఆయనకు ఉండే అవకాశం సగం, ఆయనకు ఉంటే కూతురికి రావడానికి మళ్లీ సగం, అంటే ఆ పిల్లకు లేకపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఆయనకు లేదని తేలితే ఆ కొమ్మలో కథ అక్కడితో ముగుస్తుంది, మా నాయనమ్మ నీడ ఆ ఇంటి మీద నుంచి తొలగిపోతుంది. మౌనంలో అందరూ దోషుల్లా బతకాలి. పరీక్షలో కనీసం కొందరు విడుదలవుతారు.

అసలు ఈ జన్యువు మనిషికి దొరికిందే కుటుంబాలు నోరు విప్పడం వల్ల. మేరీ-క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1990లో, వంశంలో పదేపదే రొమ్ము క్యాన్సర్ వచ్చిన 23 కుటుంబాలను పరిశీలించి, వాటిలోని 146 మంది రోగుల చరిత్ర ఆధారంగా, ముప్పుకు కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపింది. అంతవరకూ రొమ్ము క్యాన్సర్ ఇలా ఒక జన్యువు వెంట తరాలుగా దిగివస్తుందంటే నమ్మినవారు తక్కువ. 1994లో జన్యువు చేతికి చిక్కింది. ఆ 23 ఇళ్లలో ఎవరో ఒకరు మా అమ్మ దీనితోనే పోయింది, మా పిన్నిది కూడా ఇదే అని చెప్పి, రక్తం ఇచ్చి ఉండకపోతే నా చేతిలో ఈ కాగితం లేదు. మన వైపు నుంచి పరీక్ష చేయించుకున్నవారు తక్కువ కావడం వల్ల జరుగుతున్న నష్టం ఇంకొకటి ఉంది. జన్యుపరీక్షలో కొన్నిసార్లు మంచిదో చెడ్డదో తేల్చలేని మార్పు కనిపిస్తుంది. పోల్చి చూడడానికి ఆ ప్రాంతపు మనుషుల సమాచారం చాలినంత లేనప్పుడు ఇటువంటి తేలని ఫలితాలు ఎక్కువవుతాయి. తేలని ఫలితాన్ని చూసి ఎవరూ అవయవాలు తీయించుకోకూడదు. అది ప్రమాదకరమని తేలినట్టు కాదు.

నా మటుకు ఈ ఫలితం చికిత్సనే మార్చింది. బ్రాకా-1 ఉన్నవారికి ఒక రొమ్ములో క్యాన్సర్ వచ్చాక ఇరవై ఏళ్లలో రెండోవైపు వచ్చే అవకాశం 40 శాతం వరకూ ఉంటుందని తెలిసి, నాకు నేనుగా ఆలోచించుకుని రెండూ తీయించుకున్నాను. అండాశయాలు తరువాతి ఆపరేషన్‌లో తీశారు. రసాయన చికిత్స తరువాత కూడా కణితి కొంత మిగిలి ఉండడంతో ఏడాదిపాటు ఓలాపారిబ్ మాత్రలు వాడాను. తెగిన డి.ఎన్‌.ఏ.ను సరిచేసుకోలేని, బ్రాకా లోపమున్న కణాల బలహీనతనే పట్టుకుని దెబ్బతీసే మందు అది. పరీక్ష చేయించుకోకపోతే నాకు రాసే ప్రసక్తే లేదు. నా కొడుకుకు పదహారేళ్లు. "అబ్బాయిలకు అక్కర్లేదుగా అమ్మా" అన్నాడు. మగవారికీ రొమ్ము క్యాన్సర్ రావచ్చనీ, అరుదే అయినా వస్తుందనీ, రాకపోయినా అతని కూతురికి అందవచ్చనీ చెప్పాను. తాతయ్యను చూపించి చెప్పాను. పద్దెనిమిదేళ్లు నిండాక పరీక్ష చేయించుకోవాలో వద్దో వాడిష్టం, వాడి చెల్లెలి ఇష్టం. తెలియకపోవడం మాత్రం వాళ్లకు నేను వదిలిపోయే ఆస్తి కాకూడదు.

బాబాయికి నేను నెల రోజుల గడువు ఇచ్చాను. మీ వెనుకగా చెప్పను, మీరు చెప్పకపోతే మాత్రం మీకు ముందుగా చెప్పి నేనే చెబుతాను అన్నాను. వయసులో పెద్దవారితో అలా మాట్లాడడం నాకు మొదటిసారి, ఇప్పటికీ అది తప్పు అనిపించదు. ఇరవయ్యో రోజున చెల్లి ఫోను చేసింది. "అక్కా, నాన్న నా చేతిలో ఏదో లేఖ పెట్టి చదవమని చెప్పి, వెళ్లి వరండాలో కూర్చున్నారు. ఇది చదివాక నేను ముందు నాన్న దగ్గరకు వెళ్లనా, నీకు చేయనా అనుకున్నాను" అంది. ముందు నాన్న దగ్గరకు వెళ్లమన్నాను.

బాబాయి రక్తం ఇచ్చిన రోజు నేనూ తోడు వెళ్లాను. ఆ ఫలితం ఆయనదీ, చెల్లిదీ. దాన్ని ఇక్కడ రాయను. రక్తం తీసే ముందు ఒక ఫారం ఇచ్చారు. పొడుగు చేతుల చొక్కా మడిచి, కళ్లజోడు పెట్టుకుని ఆయన ఒక్కొక్క గడీ నింపారు. తల్లి అన్న గడిలో పేరు రాశారు. వయసు దగ్గర 34 అని రాశారు. మరణకారణం అన్నచోట కలం ఆగింది. "అమ్మ ముఖం నాకు గుర్తులేదమ్మా. ఫోటో కూడా లేదు" అన్నారు నా వైపు చూడకుండా. కొంతసేపయ్యాక వంగి, పలకమీద దిద్దినట్లు గుండ్రంగా రొమ్ము క్యాన్సర్ అని రాసి, కాగితం ఆ అమ్మాయి చేతికిచ్చి, చేయి చాచారు.